అట్ట వెనక చిన్నక్షరాలు

రిచీ స్ట్రీట్‌లో మేడమెట్ల కింద నా కొట్టు.
నేనూ, టంకం కడ్డీ, డబ్బాలో నాలుగు సూదులు.
సెల్‌ఫోన్లు తప్ప ఇక్కడ ఇంకేవీ బాగుచెయ్యరని
వీధంతా అనుకుంటుంది.
పెరంబూరు డెస్మండ్ అంకుల్ మాత్రం
నెలకోసారి చంకలో రికార్డుతో వస్తాడు.
రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ట్రాంబోన్ ఊదిన ఊపిరి
ఇప్పుడు రెండో మెట్టు మీదే కూర్చుండిపోతుంది.

"పల్లావరం సంత, శుక్రవారం, నూటయాభై" అన్నాడు.
లండన్‌లో తీసిన జాజ్.
పాతదాన్ని పాతగానే వాయించాలని
పంతం పట్టిన కుర్రాళ్ళట,
తాము పుట్టకముందే పోయిన పాటల్ని
లేపి, నీళ్ళు పోసి, చొక్కా తొడిగారట.
"రెండో వైపు వేరే. దీవుల వాళ్ళొచ్చి కలిశారు."

కుంకుడు నురగతో కడిగాను.
ఎవరింటి దుమ్మో, నల్లగా కారింది.
సూది దించాను.

ముందు వాన. బయటిది కాదు, రికార్డుది.
తర్వాత క్లారినెట్,
తుప్పుపట్టిన గిలకలా కీచుమని
అంతలోనే నీళ్ళు తొణికింది.
బాంజో ఓ మూల కూర్చుని
తన మానాన తాను వక్కలు కత్తిరిస్తోంది.
ట్రాంబోన్ వచ్చినప్పుడు
అంకుల్ చెయ్యి ముందుకు జారి
లేని గొట్టాన్ని లాగింది.

రెండో వైపు తాళం తిన్నగా నడవదు.
నెలల తరబడి ఓడలో ఉన్నవాడు
నేల మీద మొదటిరోజు నడిచినట్టు
ఒక అడుగు ఆగి, రెండడుగులు తొందరపడి.
వెనకాల ఎండుకాయలో గింజల చప్పుడు.
కాసేపటికి ఆ గింజలే పాట,
మిగతా వాళ్ళంతా తోడు.

అట్ట తిప్పాను.
ఫొటోలో ఆరుగురు, టైలు కట్టుకుని.
ఏడోవాడు అంచులో తెగిపోయాడు:
ఒక మోచెయ్యి, ఒక మరకాస్.
వెనక చిన్నక్షరాల్లో, అచ్చుతప్పుల మధ్య
మరకాస్: జె. అప్పడూ, ట్రినిడాడ్.

"ఫ్రెంచి పేరేమో" అన్నాడు అంకుల్.
నేను సూది ఎత్తేశాను.

చీపురుపల్లి నించి రాయపురం వచ్చి
నలభై ఏళ్ళయినా మా నాయనమ్మ
బాబాయిని వీధి చివరికి వినపడేలా
ఆ దీర్ఘంతోనే పిలిచేది:
ఒరే అప్పడూ... కూడు సల్లారిపోతంది రా!
సింహాద్రి అప్పన్న పేరు.
మా వైపు ఇంటికొకడుంటాడు.

ఇక్కడికి రెండు మైళ్ళలో రేవు.
చెరుకుతోటలకి మనుషుల్ని ఎక్కించిన రేవు.
గుమస్తా పేరడిగుంటాడు.
ఆ కుర్రాడు, అమ్మ ఎలా పిలిచేదో
అలాగే చెప్పుంటాడు.
గుమస్తా దీర్ఘంతో సహా రాసుకున్నాడు.
పిలుపు ఇంటిపేరైపోయింది.
ఎవరూ రాకపోయినా
మూడు తరాలుగా పిలుస్తూనే ఉంది.

కాకపోవచ్చు కూడా. నాకేం తెలుసు.
పేరు వినగానే వరస కలిపేయడం మావాళ్ళ జబ్బు.
గూడూరులో రైలెక్కినవాడు
సెంట్రల్లో దిగేలోపు వియ్యంకుడు.

అంకుల్ చాలాసేపు మాట్లాడలేదు.
వాళ్ళ తాత ఫొటో ఒకటుందట,
లిస్బన్ వాడని ఒకరు, లివర్‌పూల్ అని ఒకరు.
వెనక ఏమీ రాసిలేదట.
"మళ్ళీ పెట్టు" అన్నాడు.

పెట్టాను.
మూడో నిమిషం దగ్గర గీత.
సూది అక్కడే తిరుగుతోంది.
పైన రూపాయిబిళ్ళ బరువు పెడితే చాలు, దాటేస్తుంది.
పెట్టలేదు.
గింజలు, గింజలు, ఆగి, గింజలు,
గింజలు, గింజలు, ఆగి,
మెట్ల మీద టీ కుర్రాడు
గ్లాసుకి గ్లాసు తగిలించి చూశాడు.
ఓసారి తప్పాడు. తర్వాత తప్పలేదు.

టీ చల్లారాక
జేబులో బిళ్ళ కోసం వెతికాను.